కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలన, జనాభా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆసిఫాబాద్‌కు బదిలీ మీద వచ్చే ఉద్యోగులు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, సర్టిఫికెట్ల కోసం తిరిగే గూడేల జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది. కొన్నిటికి సరిపోదు.

ఈ జిల్లా ఎప్పుడు ఏర్పడింది?

2016 అక్టోబర్ 11న, దసరా రోజు. అప్పటిదాకా పది జిల్లాలుగా ఉన్న తెలంగాణ ఆ రోజు 31 జిల్లాలైంది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కూడా చేరి 33 అయ్యాయి. ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్.

ఆసిఫాబాద్‌కు జిల్లా హోదా కొత్త కాదు. నిజాం కాలంలోనూ కొన్నేళ్లు ఇది జిల్లా కేంద్రంగా ఉంది, తర్వాత ఆ హోదా ఆదిలాబాద్‌కు పోయింది. జోడేఘాట్ గుట్టల్లో నిజాం సేనలతో పోరాడి 1940లో నేలకొరిగిన గోండు వీరుడు కుమురం భీం పేరే ఇప్పుడు జిల్లాకు ఉంది. జోడేఘాట్ కెరమెరి మండలంలో ఉంది. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుగుతుంది. ఆ రోజు అధికారులంతా అక్కడికే వస్తారు, దర్బారులో ప్రజల అర్జీలు తీసుకుంటారు.

మండలాలు ఎన్ని, ఏ డివిజన్‌లో ఏవి?

పదిహేను మండలాలు, రెండు రెవెన్యూ డివిజన్లు. ఆసిఫాబాద్ డివిజన్‌లో ఆసిఫాబాద్, వాంకిడి, కెరమెరి, రెబ్బెన, తిర్యాణి, జైనూర్, సిర్పూర్-యు, లింగాపూర్ ఉన్నాయి. కాగజ్‌నగర్ డివిజన్‌లో కాగజ్‌నగర్, సిర్పూర్-టి, కౌటాల, చింతలమానెపల్లి, బెజ్జూర్, పెంచికల్‌పేట, దహెగాం ఉన్నాయి.

రెండు సిర్పూర్‌లతో ఒక్కసారైనా ఇబ్బంది పడని కొత్త ఉద్యోగి ఉండడు. రైలు మార్గం ఉన్న వైపు, మహారాష్ట్ర సరిహద్దు దగ్గరున్నది సిర్పూర్-టి. అసెంబ్లీ నియోజకవర్గం పేరు కూడా అదే. జైనూర్ దాటాక ఉట్నూర్ వైపు గుట్టల్లో ఉన్నది సిర్పూర్-యు. రెండూ జిల్లాకు చెరో చివర ఉన్నాయి. దరఖాస్తులో చివరి అక్షరం తప్పు రాస్తే ఫైలు అటు పోయి, తిరిగొచ్చేసరికి గడువు కాస్తా దాటిపోతుంది.

జనాభా ఎంత?

2011 లెక్కల ప్రకారం 5,15,812. విస్తీర్ణం 4,878 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు 106 మంది. అదే లెక్కల్లో రాష్ట్ర సగటు 312. ఈ ఒక్క తేడా అర్థమైతే జిల్లా పాలనలో సగం సమస్యలు అర్థమైనట్టే. మైదాన జిల్లాలో ఒక ఆరోగ్య కేంద్రానికి కూతవేటు దూరంలో నాలుగైదు ఊళ్లుంటాయి. ఇక్కడ అంతే జనాభా గుట్టలు, వాగులు దాటి ఇరవై ముప్ఫై గూడేల్లో చెదిరి ఉంటుంది. జనాభా లెక్కన సిబ్బందిని ఇస్తే, కాగితం మీద పోస్టులు సరిపోయినట్టే ఉంటాయి. నడవాల్సిన దూరం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. పోస్టుల మంజూరుకు తల లెక్కతో పాటు దూరం లెక్క కూడా పెట్టాలన్నది ఈ ప్రాంతంలో పనిచేసిన ఎవరిని అడిగినా చెప్పే మాట. నా మాటా అదే.

నూటికి ఎనభై మందికి పైగా పల్లెల్లోనే ఉంటారు. పెద్ద పట్టణం కాగజ్‌నగర్ ఒక్కటే. 1930ల చివర్లో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లు చుట్టూ పెరిగిన ఊరది. మిల్లు 2014లో మూతపడి, చేతులు మారి 2018లో మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్లలో పని వెతుక్కుంటూ ఊరు విడిచిన కుటుంబాలు ఏ జనగణనలోనూ కనిపించవు, ఎందుకంటే ఆ మధ్యలో జనగణనే జరగలేదు. రెబ్బెన వైపు గోలేటి సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం. మిగతా జిల్లా అంతా పత్తి, వరి, అడవి.

2011లో ఈ జిల్లానే లేదు కదా, ఆ లెక్క ఎలా వచ్చింది?

జనగణన సమాచారం గ్రామాల వారీగా ఉంటుంది. జిల్లా ఏర్పడినప్పుడు ఇందులోకి వచ్చిన గ్రామాలు, పట్టణాల లెక్కలన్నీ కూడితే 5,15,812 వచ్చింది. అందుకే పాత పుస్తకాల్లో ఈ జిల్లా పేరుతో పట్టిక కనిపించదు. పరీక్షలకు చదివేవాళ్లు ఉమ్మడి ఆదిలాబాద్ అంకెను దీనికి అంటగట్టకండి, అది 27 లక్షలకు పైన.

అక్షరాస్యత, స్త్రీ పురుష నిష్పత్తి?

అక్షరాస్యత 57 శాతానికి కాస్త తక్కువ, రాష్ట్ర సగటు 66 పైన. ప్రతి వెయ్యి మంది పురుషులకు 998 మంది స్త్రీలు. దేశంలో వెనుకబడినవిగా గుర్తించి 2018లో ప్రత్యేక దృష్టి పెట్టిన ఆకాంక్షిత జిల్లాల్లో ఇదీ ఒకటి.

గిరిజనులు ఎంతమంది, ఎవరెవరు?

షెడ్యూల్డ్ తెగల వాళ్లు జిల్లా జనాభాలో దాదాపు నాలుగో వంతు. గోండులు, కోలాములు, పర్ధాన్‌లు, తోటీలు, నాయక్‌పోడ్‌లు, మన్నెవార్లు, ఆంధ్‌లు, లంబాడాలు ఉన్నారు. వీళ్లలో కోలాములను, తోటీలను ప్రత్యేకించి బలహీనమైన గిరిజన సమూహాలుగా ప్రభుత్వం గుర్తించింది. ఇళ్లు, పోషకాహారం, రోడ్ల పథకాల్లో వాళ్లకు వేరే కేటాయింపులు ఉంటాయి. తోటీల సంఖ్య చాలా తక్కువ కాబట్టి సర్వేలో ఒక్క గూడెం తప్పిపోయినా వాళ్ల లెక్క బాగా మారిపోతుంది.

తెలుగుతో పాటు గోండి, కోలామి, లంబాడా భాష, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. ఒక్క సంతలో ఈ ఐదారు భాషలూ చెవిన పడతాయి.

ఊరి పెద్దల వ్యవస్థ కూడా బతికే ఉంది. గోండు గూడేనికి పటేల్ ఉంటాడు, దేవుడి పనులకు దేవారి, కొన్ని ఊళ్లకు కలిపి రాయి సెంటర్ అనే పెద్దల సభ, దానికి పెద్దగా సార్మేడి. చట్టంలో సర్పంచ్‌కున్న అధికారాలు వీళ్లకు లేవు. కానీ టీకాలు వేయించాలన్నా, సర్వేకు జనం ఇళ్ల దగ్గర ఉండాలన్నా ముందు రోజు పటేల్‌కు చెప్పిన సిబ్బందికీ చెప్పకుండా వెళ్లిన సిబ్బందికీ ఫలితంలో చాలా తేడా ఉంటుంది. ఇది గౌరవం ఇవ్వడం గురించిన విషయం, కొత్తగా వచ్చేవాళ్లు మొదటి వారంలోనే తెలుసుకోవాలి.

భీం పోరాటం తర్వాత గోండుల పరిస్థితి తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన 1940లలో జైనూర్ మండలం మార్లవాయిలో ఉండి అధ్యయనం చేశాడు. గిరిజనులకు భూమి పట్టాలు, గోండి పాఠశాలలు ఆ కాలంలోనే మొదలయ్యాయి. ఆయన, భార్య ఎలిజబెత్ సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి.

కలెక్టర్ కింద ఎవరెవరు ఉంటారు? ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

జనం ఎక్కువ తిప్పలు పడేది ఇక్కడే.

కలెక్టర్ జిల్లా మేజిస్ట్రేట్ కూడా. 2020 నుంచి జాయింట్ కలెక్టర్ బదులు ఇద్దరు అదనపు కలెక్టర్లు ఉంటున్నారు, ఒకరు రెవెన్యూకు, ఇంకొకరు స్థానిక సంస్థలకు. పంచాయతీలో మురికి కాలువ సంగతి రెవెన్యూ అదనపు కలెక్టర్‌కు ఇస్తే ఆ అర్జీ పక్క గదికి పోవడానికే వారం పడుతుంది.

డివిజన్ స్థాయిలో ఆర్డీవో. ఆ కుర్చీలో ఐఏఎస్ అధికారి ఉంటే సబ్ కలెక్టర్ అంటారు. మండలంలో ఇద్దరు ముఖ్యులు. తహసీల్దార్ చూసేవి భూమి, కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రాలు. ఎంపీడీవో చూసేవి పంచాయతీలు, ఉపాధి హామీ, పింఛన్లు, ఇళ్లు. ఒకే ప్రాంగణంలో ఉన్నా ఈ రెండు ఆఫీసులకూ సంబంధం లేదు. వృద్ధాప్య పింఛను ఆగితే తహసీల్దార్ దగ్గర రోజంతా కూర్చునే ముసలివాళ్లను ఏ మండలంలోనైనా చూడొచ్చు. వాళ్లు వెళ్లాల్సింది పంచాయతీ కార్యదర్శి దగ్గరికి, అక్కడ కాకపోతే ఎంపీడీవో దగ్గరికి.

ఊళ్లో భూమి రికార్డులు చూసే వీఆర్వోలను 2020లో తీసేశారు. ఆ తర్వాత ఐదేళ్ల పాటు గ్రామంలో రెవెన్యూ అధికారే లేకుండా పోయాడు. మైదానంలో ఆ లోటు బస్సెక్కి తీర్చుకోవచ్చు. తిర్యాణి మండలం లోపలి గూడెం నుంచి ఒక పహాణీ నకలు కోసం మండల కేంద్రానికి వెళ్లాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. 2025లో భూమి రికార్డులకు భూభారతి అనే కొత్త చట్టం వచ్చింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో గ్రామ పాలన అధికారులను నియమించారు. మీ ఊరికి ఏ అధికారిని కేటాయించారో తహసీల్దార్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

గిరిజన సంక్షేమానికి ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఎక్కడుంది?

ఉట్నూర్‌లో. అది ఆదిలాబాద్ జిల్లా. జిల్లాను విడదీశారు గానీ ఐటీడీఏను విడదీయలేదు, ఉమ్మడి జిల్లా మొత్తానికీ అదొక్కటే. కాబట్టి ఆశ్రమ పాఠశాల సీటు గురించో, గిరిజన సంక్షేమ రుణం గురించో ప్రాజెక్టు అధికారిని కలవాలంటే దహెగాం మనిషి తన జిల్లా కేంద్రాన్ని దాటి ఇంకో జిల్లాకు వెళ్లాలి. జైనూర్ వాళ్లకు ఉట్నూరే దగ్గర, వాళ్లకు ఇది ఇబ్బంది కాదు. తూర్పు మండలాల వాళ్లకు మాత్రం ఒక రోజు ప్రయాణం. చిన్న పనులకు ముందు ఆసిఫాబాద్‌లోని జిల్లా గిరిజన సంక్షేమ ఆఫీసులో అడగండి.

జిల్లా మొత్తం ఏజెన్సీయేనా? ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనొచ్చా?

జిల్లా మొత్తం కాదు. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చేవి గుర్తించిన గ్రామాలు మాత్రమే. కెరమెరి, తిర్యాణి, జైనూర్ వైపు అవి ఎక్కువ, కాగజ్‌నగర్ డివిజన్‌లో చాలా ఊళ్లు బయట ఉన్నాయి. ఒకే మండలంలో ఒక ఊరు లోపల, పక్క ఊరు బయట ఉండొచ్చు.

షెడ్యూల్డ్ గ్రామంలో 1/70 వర్తిస్తుంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించి గట్టిపరిచారు, ఆ సవరణే ఈ పేరుతో స్థిరపడింది. దీని ప్రకారం భూమి గిరిజనుడికి తప్ప ఎవరికీ బదిలీ కాకూడదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడిదేనని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని చూపించే బాధ్యత ఆ గిరిజనేతరుడిదే. ‘సాదా కాగితం మీద రాసుకుందాం, తర్వాత చూసుకుందాం’ అనే మధ్యవర్తుల మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అలాంటి కాగితం మీద మీకు ఏ హక్కూ రాదు. భూమి పోగొట్టుకున్న గిరిజనులు గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర ఈ భూ బదలాయింపు నిబంధనల కింద ఎల్టీఆర్ కేసు వేయొచ్చు.

షెడ్యూల్డ్ ప్రాంత పంచాయతీల్లో సర్పంచ్ పదవి గిరిజనులకే. 1996 నాటి పెసా చట్టం ఈ గ్రామసభలకు మామూలు గ్రామసభల కన్నా ఎక్కువ అధికారాలు ఇచ్చింది. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి, చిన్న ఖనిజాల లీజులకు దాని సిఫారసు కావాలి. హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టించుకుని వెళ్లిపోతే అది గ్రామసభ కాదు. తీర్మానం చదివి వినిపించమని, గోండిలోనో కోలామిలోనో చెప్పమని అడగండి. అది అడిగే హక్కు మీకుంది.

పోడు పట్టా ఎవరికి వస్తుంది?

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి భూమిని సాగు చేసుకుంటున్న గిరిజనులకు. కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే బతుకుతున్నట్టు చూపించాలి. దరఖాస్తు మొదట గ్రామసభకు, అక్కడి నుంచి ఆర్డీవో స్థాయి కమిటీకి, చివరికి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లొచ్చు. ఈ పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు. రాష్ట్రంలో 2023 పోడు పట్టాల పంపిణీని ఆ ఏడాది జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే మొదలుపెట్టారు.

అడవి, జనం, పులి ఇక్కడ విడివిడి విషయాలు కావు. మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యం నుంచి మన కవ్వాల్ అభయారణ్యానికి పులులు వచ్చే దారి కాగజ్‌నగర్ అడవుల మీదుగానే. 2025 మే చివర్లో ఈ దారిని పులుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. తమను అడగలేదని గిరిజన సంఘాలు బంద్‌కు దిగాయి. జూలైలో ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. పులి ఉండాలి, గూడెమూ ఉండాలి. అలా కావాలంటే ముందు గూడేనికి చెప్పాలి, తర్వాత గెజిట్ రాయాలి.

కెరమెరి మండలంలో కొన్ని ఊళ్లకు రెండు రాష్ట్రాలట, నిజమేనా?

నిజమే. పరందోళి, అంతాపూర్, ముకదంగూడ, భోలాపటార్ వంటి పద్నాలుగు ఊళ్లను ఇటు తెలంగాణ కెరమెరి మండలంలో చూపిస్తుంది, అటు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో చూపిస్తుంది. రాష్ట్రాల పునర్విభజన నాటి నుంచి ఉన్న వివాదం ఇది. చాలా కుటుంబాలు మరఠ్వాడా నుంచి వచ్చి స్థిరపడినవి, ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి.

అక్కడ ఒకే ఊళ్లో తెలుగు బడి ఒకటి, మరాఠీ బడి ఒకటి. సర్పంచులు ఇద్దరు. ఒకే ఇంట్లో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. వినేవాళ్లకు ‘రెండు చేతులా లాభమే’ అనిపిస్తుంది. కానీ బియ్యం, పింఛను ఇద్దరూ ఇస్తారు, పట్టా మాత్రం ఎవరూ ఇవ్వరు. దశాబ్దాలుగా దున్నుతున్న భూమికి కాగితం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, పంట నష్ట పరిహారం లేదు. ఏ జిల్లా జనాభాలో వీళ్లను కలపాలన్నది అంకెల వాళ్ల సమస్య. వాళ్లకు కావాల్సింది పాసుపుస్తకం.

పుట్టిన ధ్రువపత్రం గూడెంలో ఎలా తీసుకోవాలి?

పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర. పుట్టిన 21 రోజుల్లో చెప్తే రుసుము లేదు. 30 రోజుల దాకా చిన్న ఆలస్య రుసుముతో అవుతుంది. ఆ తర్వాత ఏడాది లోపు పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ అధికారమున్న రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబర్ 1 నుంచి సవరించిన చట్టం అమల్లో ఉంది. ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్లకు బడి ప్రవేశం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ పత్రమే ఆధారం. ఇంట్లో కాన్పు అయితే ఆశా కార్యకర్తతో, అంగన్‌వాడీ టీచర్‌తో ఆ వారమే చెప్పి పేరు ఎక్కించుకోండి.

ఇంటిపేర్ల దగ్గర జాగ్రత్త. ఆత్రం, సిడాం, మడావి, పెందూర్, కుమ్ర, కొట్నాక, టేకం లాంటి గోండు ఇంటిపేర్లను ఒక్కో ఆఫీసులో ఒక్కో రకంగా రాస్తారు. ఆధార్‌లో ‘అత్రం’, రేషన్ కార్డులో ‘ఆత్రము’, బడి రిజిస్టర్‌లో ఇంటిపేరే ఉండదు. పదో తరగతి తర్వాత స్కాలర్‌షిప్ కోసం పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు ఇది బయటపడుతుంది, ఆ పిల్లకు ఒక విద్యా సంవత్సరం మొత్తం టెన్షన్. మొదటి పత్రంలో అక్షరాలు సరిచూసుకుని, ఆ నకలు పట్టుకునే ప్రతి ఆఫీసుకూ వెళ్లండి.

జనగణన మళ్లీ ఎప్పుడు?

2021లో జరగాల్సింది ఆగిపోయింది. కొత్త జనగణనకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. 2027 మార్చి 1 మొదలయ్యే క్షణం దీనికి ప్రామాణిక సమయం. ముందు ఇళ్ల లెక్క, తర్వాత మనుషుల లెక్క. కులం వివరాలు కూడా ఈసారి రాస్తారు. 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబర్‌లో మొదలైన కులగణన రాష్ట్ర ప్రభుత్వం చేసినవి, వాటి అంకెలను జనగణన అంకెలతో కలపకూడదు.

మన జిల్లాకు ఇది చాలా అవసరం. గూడేనికి రోడ్డు, అంగన్‌వాడీ, పంచాయతీ హోదా అన్నీ జనాభా మీదే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. పత్తి ఏరడానికి, మిర్చి కోతకు వలస వెళ్లినవాళ్లు మనుషుల లెక్క జరిగే ఫిబ్రవరిలో ఊళ్లో ఉండరు. తాళం వేసిన ఇల్లు ఖాళీ ఇల్లుగా పడిపోకుండా పక్కింటివాళ్లు, వార్డు సభ్యులు ఎన్యూమరేటర్‌కు చెప్పాలి. మాతృభాష అడిగినప్పుడు గోండి అయితే గోండి అని, కోలామి అయితే కోలామి అని రాయించండి. తెలుగు వచ్చు కదా అని తెలుగు రాసేస్తే ఆ భాషలో పాఠం చెప్పే టీచరు అక్కర్లేదని లెక్క తేలుతుంది.

ఎమ్మెల్యేలు, ఎంపీ?

ఆసిఫాబాద్ నియోజకవర్గం ఎస్టీ రిజర్వుడు, సిర్పూర్ జనరల్. రెండూ ఆదిలాబాద్ లోక్‌సభ స్థానంలో ఉన్నాయి, అదీ ఎస్టీ రిజర్వుడే. నియోజకవర్గం హద్దులు జిల్లా హద్దుల కన్నా పాతవి, అందుకే ఆదిలాబాద్ జిల్లాలోని నార్నూర్ వాళ్లు ఆసిఫాబాద్ ఎమ్మెల్యేకు ఓటేస్తారు.

సర్పంచులు లేని కాలంలో పంచాయతీని ఎవరు నడిపారు?

పాత పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబర్‌లో మూడు విడతల ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేక అధికారులు నడిపారు. ఒక్కో అధికారికి సొంత శాఖ పని, దాని మీద పంచాయతీల భారం. ఆ కాలంలో ఆగిన పనుల జాబితాను కొత్త పాలకవర్గం ముందు గ్రామసభలో పెట్టించండి. చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి.

అర్జీ ఇచ్చినా జవాబు రాకపోతే?

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అర్జీ ఇచ్చాక నంబరున్న రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు కింద ఆ నంబరు వేసి, ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లిందో అడగండి. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10 రూపాయలు. తెల్లకార్డు ఉంటే నకలు జత చేయండి, అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. బయటి నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట: ‘ఆసిఫాబాద్ రోడ్’ రైల్వే స్టేషన్ ఆసిఫాబాద్‌లో లేదు, రెబ్బెన మండలంలో ఉంది. అక్కడ దిగి బస్సులో రావాలి, సోమవారం పొద్దున్నే చేరాలంటే ఆ సమయం కూడా కలుపుకోండి.